లెర్నెడ్ హ్యాండ్: సుప్రీంకోర్టుకు వెళ్లని అమెరికా అప్పీలు జడ్జి తీర్పులు ఎలా చదవాలి?

సాక్షిసంతకం:
టార్ట్స్ (ఒకరి తప్పు వల్ల మరొకరికి కలిగిన నష్టానికి పరిహారం చెప్పే చట్టం) సిలబస్‌లో ‘హ్యాండ్ ఫార్ములా’ అని ఒక పేరా ఉంటుంది. జాగ్రత్తకయ్యే ఖర్చు ఒకవైపు. ప్రమాదం జరిగే అవకాశాన్ని, జరిగితే వచ్చే నష్టంతో గుణిస్తే వచ్చేది మరోవైపు. ఖర్చు తక్కువైనా జాగ్రత్త పడకపోతే అది నిర్లక్ష్యం. గైడ్లలో ఇంతటితో వదిలేస్తున్నారు. ఆ లెక్క రాసిన జడ్జి ఎవరు, ఏ కోర్టు, ఏ వ్యాజ్యం అన్నది ఎక్కడా ఉండదు. తెలిసినవాళ్లు వివరంగా రాస్తే చాలామందికి పనికొస్తుంది. ఆయన దాన్ని నిజంగా లెక్కలాగే వాడారా? అంత పేరున్న జడ్జి సుప్రీంకోర్టుకు ఎందుకు వెళ్లలేదు? ముందు ఏ తీర్పు చదవాలి?

అట్లాంటిక్‌తీరం:
ముందు మనిషి సంగతి. పూర్తి పేరు బిల్లింగ్స్ లెర్నెడ్ హ్యాండ్. లెర్నెడ్ అన్నది బిరుదు కాదు, తల్లి పుట్టింటి పేరు. పుట్టింది న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో, 1872 జనవరి 27న. హార్వర్డ్‌లో డిగ్రీ, 1896లో అక్కడే లా. కొన్నాళ్లు ఆల్బనీలో, 1902 నుంచి న్యూయార్క్ నగరంలో ప్రాక్టీసు. వకీలుగా పెద్దగా రాణించలేదు. 1909లో అధ్యక్షుడు టాఫ్ట్ ఆయన్ని న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టులో జడ్జిగా వేశారు. అప్పటికి వయసు 37. పదిహేనేళ్లు ట్రయల్ జడ్జిగా పనిచేశాక, 1924లో కూలిడ్జ్ సెకండ్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు పంపారు. న్యూయార్క్, కనెక్టికట్, వెర్మాంట్ రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్లు ఆ కోర్టుకే వస్తాయి. 1951లో పూర్తిస్థాయి బాధ్యతల నుంచి తప్పుకున్నారు గాని, 1961 ఆగస్టు 18న కన్నుమూసే వరకూ జడ్జిగానే ఉన్నారు. ఫెడరల్ జడ్జీలకు అక్కడ పదవీకాలం జీవితాంతం కాబట్టి 52 ఏళ్లు సాధ్యమయింది.

ఆ పదిహేనేళ్ల ట్రయల్ అనుభవాన్ని గుర్తుపెట్టుకోండి. ఆయన అప్పీలు తీర్పుల్లో వాస్తవాలు అంత గట్టిగా, అంత క్లుప్తంగా ఉండటానికి కారణం అదేనని నా అభిప్రాయం.

రేవుగాలి:
ఫార్ములా సంగతి నేను రాస్తాను. కేసు యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ క్యారల్ టోయింగ్, తీర్పు 1947 జనవరిలో. ప్రమాదం 1944 జనవరి 4న న్యూయార్క్ హార్బర్‌లో. ‘ఆనా సి’ అనే బార్జిలో (సరుకు మోసే బల్లపరుపు పడవ) అమెరికా ప్రభుత్వానికి చెందిన పిండి ఉంది. బార్జి కానర్స్ కంపెనీది, పెన్సిల్వేనియా రైల్‌రోడ్ అద్దెకు తీసుకుంది. పక్కపక్కన కట్టిన బార్జీల వరుసలో ఇదొకటి. ‘క్యారల్’ అనే టగ్గు (బార్జీల్ని లాగే చిన్న ఓడ) ఒక బార్జిని బయటికి లాగడానికి వచ్చి మోకులు సర్దింది. సర్దడంలో తేడా వచ్చి వరుస మొత్తం తెగి కొట్టుకుపోయింది. ఆనా సి వెళ్లి ఒక ట్యాంకరుకు తగిలింది. ట్యాంకరు ప్రొపెల్లరు బార్జి అడుగు దగ్గర చిల్లు పొడిచింది. నీళ్లెక్కి బార్జి మునిగింది, పిండి పోయింది.

అసలు కీలకం ఇక్కడుంది. సాయానికి వచ్చిన టగ్గుల దగ్గర పంపులున్నాయి. చిల్లు పడిందని చెప్పే మనిషి బార్జి మీద ఉంటే నీళ్లు తోడి తేల్చేవాళ్లు. ఆ మనిషి ముందురోజు సాయంత్రం 5 గంటలకు దిగిపోయాడు. ప్రమాదం మర్నాడు మధ్యాహ్నం 2 గంటల ప్రాంతంలో. అంటే 21 గంటలు బార్జి మీద ఎవరూ లేరు. ఇక్కడే హ్యాండ్ నష్టాన్ని రెండుగా విడదీశారు: ఢీకొన్నందువల్ల వచ్చినది, మునిగినందువల్ల వచ్చినది. కాపలా మనిషి లేకపోవడం రెండోదానికి నేరుగా కారణం. అందుకే మునిగిన నష్టంలో ఒక భాగాన్ని బార్జి యజమానే మోయాల్సి వచ్చింది. ఈ విభజన వదిలేసి ఫార్ములా మాత్రమే రాస్తే పరీక్షలో సగం జవాబే రాసినట్టు.

ఇక ఆ మూడు అక్షరాలు. బి అంటే జాగ్రత్త భారం, పి అంటే ప్రమాదం జరిగే అవకాశం, ఎల్ అంటే నష్టం. తీర్పులో వీటికి ఒక్క అంకె కూడా వేయలేదు. గుణకారం చేసి తేల్చిన వాక్యం ఒక్కటీ లేదు. ఆయన తూచినవి వేరు: యుద్ధకాలం, రేవు నిండా రద్దీ, జనవరిలో పగలు పొట్టి, హడావుడిలో మోకులు సరిగా కట్టకపోయే అవకాశం. ఆ పరిస్థితుల్లో పగటి పనిగంటల్లో మనిషి ఉండాలన్నది న్యాయమైన అపేక్ష అన్నారు. రాత్రిపూట కూడా ఉండాలా అన్నది తేల్చలేదు. కాబట్టి ‘బార్జి మీద ఎప్పుడూ మనిషి ఉండాల్సిందే’ అని ఈ కేసుకు అంటగట్టడం తప్పు.

సాక్షిసంతకం:
మరి గణితం అనే పేరు ఎందుకొచ్చింది?

రేవుగాలి:
1972లో రిచర్డ్ పోస్నర్ నిర్లక్ష్య సిద్ధాంతం మీద రాసిన వ్యాసం దాన్ని న్యాయ-ఆర్థికశాస్త్రానికి మూలస్తంభం చేసింది. పోస్నర్ కూడా తర్వాత సెవెన్త్ సర్క్యూట్‌లో అప్పీలు జడ్జి అయ్యారు. హ్యాండ్ స్వయంగా 1940లోనే కాన్వే వర్సెస్ ఓబ్రియెన్‌లో ఈ మూడు అంశాలనూ అక్షరాలు లేకుండా మాటల్లో చెప్పారు. 1949లో మోయిసాన్ వర్సెస్ లాఫ్టస్‌కి వచ్చేసరికి, కొలతకు లొంగని విషయానికి కొలతల పరీక్ష పెట్టాల్సి రావడమే ఇందులో ఇబ్బంది అని ఒప్పుకున్నారు. ఈ మూడూ వరుసగా చదివినవాళ్లు దాన్ని లెక్క అనరు. ఏయే అంశాలు మరచిపోకూడదో గుర్తుచేసే పద్ధతి అంటారు.

తూకంరాయి:
ఇదే సందర్భంలో టి.జె. హూపర్ కేసు తప్పక చదవాలి, 1932. నా లెక్కలో క్యారల్ కంటే ఇదే పెద్ద తీర్పు. 1928 మార్చిలో బొగ్గు బార్జీలను వర్జీనియా వైపు నుంచి న్యూయార్క్‌కు లాగుతున్న రెండు టగ్గులు, హూపర్, మాంట్రోజ్. న్యూజెర్సీ తీరం దగ్గర గాలివాన. రెండు బార్జీలు మునిగాయి. ఆర్లింగ్టన్ కేంద్రం నుంచి రోజుకు రెండుసార్లు రేడియోలో వాతావరణ కబురు వస్తుంది. అది విన్న వేరే టగ్గులు డెలవేర్ బ్రేక్‌వాటర్ దగ్గర ఆశ్రయం తీసుకున్నాయి.

గైడ్లలో ‘టగ్గుల్లో రేడియో లేదు’ అని ఉంటుంది. సరిగ్గా చెప్పాలంటే సెట్లున్నాయి గాని పనిచేయలేదు. పైగా అవి యజమాని సమకూర్చినవి కావు, కెప్టెన్ల సొంతవి. యజమాని వాదన: టగ్గుకు రేడియో పెట్టడం ఈ వృత్తిలో ఆనవాయితీ కాదు. హ్యాండ్ జవాబు: మామూలుగా వాడుకను చూసే జాగ్రత్త కొలుస్తాం, కాని ఒక వృత్తి మొత్తం కొత్త పరికరాలు తీసుకోవడంలో వెనకబడి ఉండొచ్చు. ఏది అవసరమో చివరికి కోర్టే చెప్పాలి. అందరూ వదిలేసినా వదలకూడని జాగ్రత్తలు కొన్ని ఉంటాయి.

ఇందులో జనం పొరబడేది ఒకటుంది. వాడుకకు విలువ లేదని ఈ తీర్పు చెప్పలేదు. వాడుక సాక్ష్యమే, ఆఖరి మాట మాత్రం కాదు. సెట్టు చవక, మనిషి మీద అదనపు భారం లేదు, వస్తే లాభం పెద్దది. ఈ మూడూ చూపించాకే ఆ వాక్యం రాశారు.

గురజాడవీధి:
తీర్పు తయారయ్యే పద్ధతి గురించి కూడా రాయండి. అప్పీలు జడ్జి పని రోజూ ఎలా ఉంటుందో తెలియకుండా తీర్పులు చదివితే సగమే అర్థమవుతుంది.

అట్లాంటిక్‌తీరం:
నిజం. అప్పీళ్ల కోర్టులో సాక్షులు ఉండరు, జ్యూరీ ఉండదు, కొత్త సాక్ష్యం తీసుకోరు. కింది కోర్టు రికార్డు, ఇరుపక్షాల బ్రీఫులు (రాతపూర్వక వాదనలు), కాసేపు మౌఖిక వాదన. మామూలుగా ముగ్గురు జడ్జీల బెంచ్. హ్యాండ్ కాలపు సెకండ్ సర్క్యూట్‌లో ఒక కట్టుబాటు ఉండేది. వాదన అయ్యాక ముగ్గురూ వెంటనే కూర్చుని మాట్లాడుకోరు. ఎవరికి వారు విడిగా మెమో రాసి ఒకరికొకరు పంపుకుంటారు. ఆ తర్వాతే సమావేశం, ఓటు. దీనివల్ల ముందు మాట్లాడినవాడి వెనక మిగతా ఇద్దరూ నడవడం తగ్గుతుంది. ప్రతి జడ్జీ రికార్డు చదివి తీరాల్సి వస్తుంది. ఆలస్యం అవుతుంది, అది దీని ఖరీదు.

1940ల్లో ఆ కోర్టులో ఆరుగురు: లెర్నెడ్ హ్యాండ్, ఆయన కజిన్ అగస్టస్ హ్యాండ్, థామస్ స్వాన్, హ్యారీ చేజ్, చార్లెస్ క్లార్క్, జెరోమ్ ఫ్రాంక్. క్లార్క్, ఫ్రాంక్ ఒకరి మాట ఒకరు ఒప్పుకునేవారు కారు. అలాంటి కోర్టులో మెమో పద్ధతి చాలా తగవుల్ని కాగితం మీదే తేల్చేది. హ్యాండ్ తీర్పుల్ని చేత్తో రాసి, దిద్ది, మళ్లీ రాసేవారు. క్లర్కుల చేత రాయించలేదు. వాళ్ల పని చిత్తుప్రతిలో తప్పులు పట్టడం, ఎదురు వాదించడం.

అప్పీలులో అన్నిటికంటే ముందు అడగాల్సింది: కింది కోర్టు నిర్ణయాన్ని ఏ కొలతతో చూస్తున్నాం? చట్టం అర్థం గురించైతే కొత్తగా చూస్తారు, కింది జడ్జి మాటకు బరువివ్వరు. జ్యూరీ లేకుండా జడ్జి తేల్చిన వాస్తవమైతే, స్పష్టమైన పొరపాటు ఉంటేనే కదుపుతారు. విచక్షణతో ఇచ్చిన ఉత్తర్వైతే, విచక్షణ దుర్వినియోగమయిందని చూపాలి. చాలా అప్పీళ్లు ఇక్కడే ఓడిపోతాయి. చట్టం ప్రశ్నగా మలచగలిగినదాన్ని వాస్తవం తగవుగా రాసి పాడుచేసుకుంటారు.

గడువుల సంగతి కూడా. ఇప్పటి నిబంధనల్లో సివిల్ కేసుకు అప్పీలు నోటీసు 30 రోజుల్లో, అమెరికా ప్రభుత్వం కక్షిదారైతే 60, క్రిమినల్‌లో ముద్దాయికి 14. ప్రధాన బ్రీఫు 13,000 పదాలు, జవాబు బ్రీఫు అందులో సగం అన్నది సాధారణ పరిమితి. సర్క్యూట్ సొంత నియమం వేరుగా ఉండొచ్చు, దాన్నీ చూసుకోవాలి. 2007లో బౌల్స్ వర్సెస్ రస్సెల్‌లో ట్రయల్ జడ్జి 14 రోజులకు బదులు పొరపాటున 17 రోజులిచ్చాడు. దాన్ని నమ్మి 14 దాటాక వేసిన నోటీసు చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది. గడువును ఉత్తర్వులో కాదు, చట్టంలో చూసుకోవాలి.

పన్నులపద్దు:
నేను పన్నుల వైపు ఒకటి చేరుస్తాను. ‘ఎవరైనా తన వ్యవహారాలను పన్ను వీలైనంత తగ్గేలా అమర్చుకోవచ్చు’ అన్న హ్యాండ్ వాక్యాన్ని ఆడిటర్ల ప్రెజెంటేషన్లలో తెగ వాడతారు. ఆ వాక్యం వచ్చిన కేసులో పన్ను చెల్లింపుదారు ఓడిపోయారు. ఇది తెలియకుండా ఉటంకించడం ప్రమాదం.

కేసు హెల్వరింగ్ వర్సెస్ గ్రెగరీ, 1934. గ్రెగరీ సొంత కంపెనీ చేతిలో మరో కంపెనీ షేర్లు 1,000 ఉన్నాయి. వాటిని నేరుగా పంచుకుంటే డివిడెండ్ కింద పన్ను ఎక్కువ. అందుకని 1928 సెప్టెంబరులో ఎవరిల్ అని ఒక కొత్త కంపెనీ పెట్టి, షేర్లు దానికి మార్చి, కొద్ది రోజుల్లోనే దాన్ని మూసేసి, షేర్లు తన చేతికి తెచ్చుకుని అమ్మేశారు. చట్టంలోని ‘పునర్వ్యవస్థీకరణ’ నిర్వచనానికి అక్షరం అక్షరం సరిపోయింది. పన్నుల బోర్డులో గెలిచారు. హ్యాండ్ తిప్పేశారు. పన్ను తగ్గించుకోవాలన్న ఉద్దేశం తప్పు కాదు, నిజమే. కాని చట్టం ఆ మాట వాడినప్పుడు మనసులో ఉన్నది వ్యాపారం కోసం చేసే మార్పు. ఈ కొత్త కంపెనీ ఏ వ్యాపారమూ చేయలేదు, చేసే ఉద్దేశమూ లేదు. పదాల అర్థాలు విడివిడిగా కూడితే వాక్యం అర్థం రాదు, రాగం అంటే స్వరాల మొత్తం కంటే ఎక్కువైనట్టు అన్నది ఆయన పోలిక. 1935లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది.

మన వైపు ఇదే తగవు హైదరాబాద్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది: మెక్‌డోవెల్, 1985. మద్యం కొన్నవాళ్లే ఎక్సైజ్ సుంకాన్ని నేరుగా ఖజానాకు కట్టారు కాబట్టి అది తయారీదారు టర్నోవరులోకి రాదన్నది వాదన, ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను చట్టం కింద. వస్తుందని కోర్టు తేల్చింది. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి విడిగా రాసిన తీర్పులో పన్ను తప్పించుకునే ఎత్తుగడల్ని గట్టిగా ఖండించారు. తర్వాత 2003లో ఆజాదీ బచావో, 2012లో వొడాఫోన్ ఆ మాటల పరిధిని తగ్గించాయి. గ్రెగరీ పక్కన మెక్‌డోవెల్ పెట్టుకుని చదివితే తేడా కనిపిస్తుంది. హ్యాండ్ నీతి చెప్పలేదు, ఒక మాట అర్థం మాత్రమే తేల్చారు. అందుకే ఆయన తీర్పు ఇంకా నిలబడి ఉందని నాకు అనిపిస్తుంది.

తూకంరాయి:
ఆల్కోవా కూడా అంతే, అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో చూపించిన తీర్పు. అల్యూమినియం గుత్తాధిపత్యం కేసు. సుప్రీంకోర్టులో నలుగురు తప్పుకోవడంతో ఆరుగురి కోరం దొరకలేదు. 1944లో కాంగ్రెస్ చట్టం మార్చి ఇలాంటి కేసును సర్క్యూట్‌లోని ముగ్గురు సీనియర్ జడ్జీలకు పంపింది. అలా 1945లో రెండో మెట్టు కోర్టే ఆఖరి మాట చెప్పింది.

తగవంతా హారంలో ఉంది. కంపెనీ సొంతానికి వాడుకున్న కడ్డీల్ని వదిలేసి, తుక్కు కరిగించిన లోహాన్ని మార్కెట్లో కలిపితే వాటా సుమారు 33 శాతం. సొంత వాడకాన్నీ, తుక్కునూ రెండింటినీ కలిపితే 64. సొంత వాడకం కలిపి తుక్కును తీసేస్తే 90 దాటుతుంది. హ్యాండ్ మూడోది తీసుకున్నారు. ఇవాళ్టి తుక్కు ఒకప్పుడు ఆల్కోవా చేసిన కడ్డీయే. కొత్త లోహం ఎంత చేయాలో నిర్ణయించేటప్పుడు రేపు ఎంత తుక్కు తిరిగొస్తుందో ఆ కంపెనీకి ముందే తెలుసు. 90 శాతం గుత్తాధిపత్యమే, 60, 64 అనుమానం, 33 కచ్చితంగా కాదు అన్నది ఆయన మాట. ఈ అంకెల్ని నేటికీ వాదనల్లో తెస్తారు గాని, మార్కెట్ ఎలా గీశారో చెప్పకుండా అంకె మాత్రం చెబితే అర్థం లేదు.

గురజాడవీధి:
వాక్‌స్వాతంత్ర్యం విషయంలో మాత్రం నాకు ఆయనతో పేచీ ఉంది. 1917లో మాసెస్ పత్రిక ఆగస్టు సంచికను న్యూయార్క్ పోస్ట్‌మాస్టర్ టపాలోకి తీసుకోనన్నాడు. కారణం కొత్తగా వచ్చిన గూఢచర్య చట్టం. యుద్ధానికి వ్యతిరేకమైన నాలుగు కార్టూన్లు, కొన్ని రాతలు చూపించారు. ట్రయల్ జడ్జిగా హ్యాండ్ పత్రిక పక్షాన ఉత్తర్వు ఇచ్చారు. మాటల వల్ల ఏం జరగొచ్చో ఊహించడం కాదు, చట్టాన్ని ఉల్లంఘించమని మాటలు నేరుగా పురికొల్పుతున్నాయా అన్నదే చూడాలన్నారు. అప్పీళ్ల కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆగస్టు సంచిక టపాలో రాలేదు కాబట్టి అది క్రమం తప్పకుండా వచ్చే పత్రిక కాదంటూ తపాలా శాఖ రాయితీ టపా కూడా తీసేసింది. అలాంటి తీర్పు రాసిన మనిషే 1950లో డెనిస్ కేసులో 11 మంది కమ్యూనిస్టు నాయకుల శిక్షలు ఖాయం చేశారు. కీడు ఎంత పెద్దదో చూసి, అది జరిగే అవకాశం తక్కువైన మేరకు తగ్గించి తూచాలన్నారు. ఇది క్యారల్ తూకమే, మాట్లాడే హక్కు మీద పెట్టారు.

అట్లాంటిక్‌తీరం:
పేచీ న్యాయమైనదే, కాని ఒకటి కలపాలి. 1950లో ఆయన సుప్రీంకోర్టుకు కింది మెట్టు జడ్జి. 1919 నుంచి సుప్రీంకోర్టు ‘స్పష్టమైన, తక్షణ ప్రమాదం’ పరీక్ష పెట్టింది. మాసెస్ పరీక్షను అమలుచేసే స్వేచ్ఛ ఆయనకు లేదు.

గురజాడవీధి:
ఆ పరీక్షను అమలుచేయడం వేరు, అందులో తక్షణం అన్న మాటను పలచన చేయడం వేరు అండీ. ఆయన రెండోది చేశారు. 1951లో సుప్రీంకోర్టు ఆయన మాటలనే తీసుకుంది. 1969లో బ్రాండెన్‌బర్గ్ తీర్పు వచ్చి, పురికొల్పడం, తక్షణం రెండూ ఉండాలన్నాకే పరిస్థితి మారింది. అందులో మాసెస్ ఛాయ ఉంది. అంటే గెలిచింది 1917 నాటి హ్యాండ్.

అట్లాంటిక్‌తీరం:
‘తక్షణం’ విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అదే 1950లో వచ్చిన కాప్లన్ తీర్పును కూడా పక్కన పెట్టండి. గూఢచర్యం కేసు. ముద్దాయి నేరం స్పష్టంగానే ఉందని రాసి కూడా శిక్ష రద్దు చేశారు. ఎఫ్‌బీఐ వారంటు లేకుండా అరెస్టు చేసింది, ఫోన్లు విన్న రికార్డును డిఫెన్సుకు చూపలేదు. ఆ రోజుల్లో ఆ తీర్పు రాయడం తేలిక కాదు.

సాక్షిసంతకం:
సుప్రీంకోర్టు సంగతి మిగిలింది.

అట్లాంటిక్‌తీరం:
1913లో జడ్జిగా ఉంటూనే ప్రోగ్రెసివ్ పార్టీ టికెట్ మీద న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి పోటీచేసి ఓడిపోయారు. అది థియొడోర్ రూజ్‌వెల్ట్ పార్టీ, 1912లో టాఫ్ట్‌ను దెబ్బతీసిన పార్టీ. 1921లో టాఫ్టే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తాను వేసిన జడ్జినే పైకి రానీయవద్దని అధ్యక్షుడు హార్డింగ్‌కు సలహా ఇచ్చారు. 1942లో మళ్లీ ఖాళీ వచ్చింది. హ్యాండ్‌ను వేయమని సుప్రీంకోర్టు జడ్జి ఫ్రాంక్‌ఫర్టర్ గట్టిగా పట్టుబట్టారు. కాని ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1937లో సుప్రీంకోర్టు జడ్జీల సంఖ్యను పెంచే ప్రణాళికకు 70 దాటిన జడ్జీలనే కారణంగా చూపించారు, హ్యాండ్‌కు అప్పటికి 70. వైలీ రట్లెడ్జ్‌ను వేశారు. రట్లెడ్జ్ 1949లో 55 ఏళ్లకే పోయారు, హ్యాండ్ ఆ తర్వాత 12 ఏళ్లు బతికారు.

తూకంరాయి:
చదివే వరుస నేను చెబుతాను. ముందు హూపర్, పొట్టి తీర్పు, గంటలో అయిపోతుంది. తర్వాత క్యారల్, కాని ఫార్ములా ఉన్న పేరా దగ్గర మొదలుపెట్టకండి. వాస్తవాలు చదువుతూ బార్జీల వరుస, పియర్లు (ఓడలు కట్టే రేవు గట్లు), మోకులు కాగితం మీద గీసుకోండి. గీయకపోతే ఎవరి తప్పు ఎక్కడ మొదలైందో పట్టుబడదు. మూడోది గ్రెగరీ. సినిమా కథల కాపీరైటు మీద ఆసక్తి ఉంటే 1930 నాటి నికల్స్ కలపండి. యూదు కుటుంబం, ఐరిష్ కుటుంబం, పిల్లల ప్రేమపెళ్లి అన్న ఇతివృత్తం మీద హక్కు ఎవరిదని వచ్చిన తగవు. కథలోంచి సంఘటనలు ఒక్కొక్కటే తీసేస్తూ పోతే ఎక్కడో ఒకచోట అది రక్షణ లేని ఆలోచనగా మిగులుతుంది, ఆ గీత ఎక్కడో ఎవరూ ముందే చెప్పలేరు అన్నారు. మన ఆర్.జి. ఆనంద్ కేసు, 1978, ఇదే ప్రశ్న మీద. ఆల్కోవా చివరికి ఉంచండి, పొడుగు.

సాక్షిసంతకం:
క్యారల్ గీసుకుని చూశాను. ఒక సందేహం. క్యారల్ వాళ్లు మోకులు సరిగా సర్దకపోవడమే మొదటి తప్పు కదా, బార్జి యజమానికి పరిహారంలో అసలు కోత ఎందుకు?

రేవుగాలి:
ఇది నౌకా చట్టం కేసు కాబట్టి. అప్పటి మామూలు టార్ట్ చట్టంలో చాలా రాష్ట్రాల్లో బాధితుడి తప్పు కొంచెమున్నా మొత్తం పరిహారం పోయేది. సముద్ర వ్యాజ్యాల్లో అలా కాదు, తప్పున్న పక్షాల మధ్య నష్టాన్ని పంచేవారు. అందుకే హ్యాండ్‌కు ‘మనిషి ఉంటే ఏ నష్టం ఆగేది’ అని విడదీసి చూడాల్సిన అవసరం వచ్చింది. మీ బొమ్మలో చిల్లు పడ్డ చోటు దగ్గర ఒక గీత గీయండి. దానికి ముందు జరిగినది మోకులు సర్దినవాళ్ల ఖాతా. ఆ తర్వాతి నష్టంలో కానర్స్‌కూ వాటా ఉంది.